వరండాలో సైకిలు

పుష్పవతి మేడానికి సైకిళ్ళంటే పడదు. సైకిలు పందేలవాళ్ళంటే అసలే పడదు. పోర్ట్ బ్లెయిర్ ఎత్తుపల్లాల రోడ్ల మీద రంగురంగుల బనియన్లు తొడుక్కుని, తల కిందికి పెట్టి దూసుకొచ్చే ఆ పిల్లల వల్ల ఒకసారి ఆవిడ గొడుగు మురిక్కాలవలో పడింది. ఆ గొడుగు వాళ్ళమ్మది. అందుకే ప్రిన్సిపాల్ గణేశ్వరరావు గారు పిలిచి, "ఈ ఏడాది నుంచి ఆటల పిల్లల చదువు మీరు చూసుకోవాలి మేడం" అన్నప్పుడు ఆవిడ మొహం ఆముదం తాగినట్టు పెట్టింది.

"ఇంతమంది లెక్చరర్లలో నేనే దొరికానా సార్?"

"మీకైతే ఇంటి దగ్గర పెద్దగా పనులుండవు కదండీ."

ఆయన ఆ మాట మంచి మనసుతోనే అన్నాడు. చెడ్డ మనసుతో అని ఉంటే నాలుగు దులిపేసి వచ్చేది. మంచి మనసుతో అన్నవాడిని ఏం చెయ్యగలం? ఆవిడ బస్సెక్కి లంబాలైన్ పేటలో తన ఇంటికొచ్చి, పొయ్యి దగ్గర నిలబడే అన్నం తినేసింది. అమ్మ పోయినప్పటి నుంచి ఆవిడ నిలబడే తింటోంది. ఒక్క మనిషికి కంచం కడిగి, పీట వాల్చుకుని, వడ్డించుకుని కూర్చోవడం ఏదో నాటకం ఆడుతున్నట్టు ఉంటుంది.

ఆ ఇల్లు విమానాశ్రయం గోడకి ఇవతల ఉంది. మద్రాసు విమానమో కలకత్తా విమానమో వచ్చినప్పుడల్లా పెంకులు గలగలమంటాయి. మధ్యలో నేవీ వాళ్ళవి తిరుగుతుంటాయి. ఆ చప్పుడు పోయాక ఇంట్లో మిగిలే నిశ్శబ్దం మామూలు నిశ్శబ్దం కాదు. ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధనకి వెళ్తే అందరూ అందరి పిల్లల గురించీ అడుగుతారు. పుష్పవతిని మాత్రం "ఒంట్లో బాగుందా?" అని అడుగుతారు. బాగుందని చెప్తే ఇంక అడగడానికి ఏమీ ఉండదు.

ఆటల పిల్లలు మొదట్లో గుంపుగా వచ్చారు. ఫుట్‌బాల్ వాళ్ళు నోట్సు పట్టుకుపోయి మళ్ళీ కనిపించలేదు. పడవ పందేల కుర్రాళ్ళు "మేడం, పరీక్షలప్పుడు వస్తాం" అన్నారు. అంత నిజాయితీ ఆవిడకి నచ్చింది. చివరికి మిగిలింది ఒక్కతే, సింహాచలమ్మ.

సింహాచలమ్మది బాంబూఫ్లాట్. తాత ఎప్పుడో విశాఖ తీరం నుంచి ఓడెక్కి వచ్చినవాడు. తండ్రి నూకయ్య హార్బర్ లాంచీ నడిపే సరంగు. ఈ పిల్ల రోజూ ఫెర్రీలో సైకిలుతో సహా అవతలి ఒడ్డు నుంచి వచ్చి, మళ్ళీ సైకిలుతో సహా వెళ్ళిపోయేది. ఏడాదిలో సగం రోజులు మెయిన్‌లాండ్‌లో క్యాంపులు, పందేలు. మొదటి ఏడాది ఎకనామిక్స్ తప్పింది. రెండో ఏడాది ఆ పేపరు గట్టెక్కకపోతే కాలేజీలో సీటు పోతుంది. సీటు పోతే యూనివర్సిటీ జట్టులో చోటు కూడా పోతుంది.

"క్లాసులో నీకు ఫ్రెండ్స్ ఎవరూ లేరా? నోట్సు ఇచ్చేవాళ్ళు?" అని అడిగింది పుష్పవతి మొదటి రోజు.

"లేరు మేడం. కాలేజీలో నా పేరు ఎవలికీ తెల్దు. క్యాంపులో నా బాస ఎవలికీ తెల్దు."

ఈ మాట ఆ పిల్ల నవ్వుతూనే అంది. పుష్పవతికి మాత్రం నవ్వు రాలేదు.

చదువు మొదలైంది, అంటే నిద్ర మొదలైంది. తెల్లవారకముందే లేచి తుష్నాబాద్ ఊరి దాకా తొక్కి వచ్చిన పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి డిమాండ్ సూత్రం చెబితే ఏమవుతుంది? రెండో పేరా దగ్గర తల పుస్తకం మీద వాలిపోయేది. మేడం బల్ల మీద స్కేలుతో కొట్టేది. ఆ పిల్ల ఉలిక్కిపడి "సమజైంది మేడం" అనేది. ఏం సమజైందో చెప్పమంటే కళ్ళు మిటకరించేది.

ఇంతలో వానలొచ్చాయి. ఈ దీవుల్లో వాన అంటే రెండు రోజులు కురిసి ఊరుకునేది కాదు. రోడ్లు నాచు పట్టి, పందెం సైకిలు సన్న టైర్లు జారిపోతాయి. కోచ్ ఒక సెట్టు రోలర్లు ఇచ్చాడు. ఇనప చట్రంలో అడ్డంగా బిగించిన మూడు గొట్టాలవి. వాటి మీద సైకిలు నిలబెట్టి తొక్కితే చక్రాలు తిరుగుతాయి, మనిషి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. బాంబూఫ్లాట్ ఇంట్లో వాటికి చోటు లేదు.

"మీ వరండాలో పెట్టుకోనా మేడం? చప్పుడొస్తాది మరి."

"రానీ. ఈ ఇంటికి చప్పుడు వస్తే గోడలేం పడిపోవు" అంది పుష్పవతి. అన్నాక, ఎందుకన్నానా అని తనే విసుక్కుంది.

మర్నాటి నుంచి వరండాలో గిర్రుమని మోత. ఆ మోతలోనే ఒక రోజు మేడం విసుగెత్తి, ఆ పిల్ల దిగేదాకా ఆగలేక, కుర్చీ పక్కకి లాక్కుని పాఠం గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో ఒక వాక్యం చదవడం, తెలుగూ హిందీ కలిపి దాని అర్థం చెప్పడం. సింహాచలమ్మ తల దించుకుని తొక్కుతూనే ఉంది. వింటోందో లేదో తెలీదు. అంతలో విమానం వచ్చింది. పెంకులు గలగలమన్నాయి. మేడం చదవడం ఆపింది, పిల్ల తొక్కడం ఆపలేదు. చప్పుడు పోయాక మేడం పేజీలో వెతుక్కుంది.

"ఎక్కడ ఆపాను?"

"ధర పెరిగితే మనిషి ఏం చేస్తాడు, ఆడ ఆపారు మేడం" అంది పిల్ల రొప్పుతూ.

పుష్పవతి కళ్ళజోడు తీసి ఆ పిల్ల వంక చూసింది. ఈ పిల్లకి కుదురుగా కూర్చుంటే ఒక్క ముక్క ఎక్కదు, కాళ్ళు కదులుతుంటే అన్నీ ఎక్కుతాయి. ఈ సంగతి మొదటి ఏడాదే ఎవరైనా కనిపెట్టి ఉంటే ఆ పేపరు తప్పేది కాదు. కనిపెట్టడానికి పక్కన ఎవరైనా ఉండాలి కదా, అనుకుంది.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. పొద్దున కాలేజీకి ముందు పాఠం. విమానం వస్తే విరామం. అది పోగానే "ఎక్కడ ఆపాను?" అని మేడం, ఠక్కున చివరి మాట అందిస్తూ సింహాచలమ్మ. కొన్నాళ్ళకి మేడం కావాలనే వేలితో గుర్తు పెట్టుకోవడం మానేసింది.

"ఉపాంత ప్రయోజనం అంటే ఏమిటే?"

"చిడియాటాపు కొండ ఎక్కి దిగొచ్చినాక మొదటి గ్లాసు నీళ్ళు అమృతం మేడం. రెండోది బాగుంటాది. నాలుగోది ఇస్తే కక్కుతాను."

"పరీక్షలో కక్కుతానని రాయకు."

పాఠం అయ్యాక ఇద్దరూ తినేవాళ్ళు. పిల్ల తినే తిండి చూసి మేడం మొదట బెదిరింది. తర్వాత పెద్ద గిన్నె అటక మీంచి దింపింది. చేపల పులుసు, కొబ్బరి పచ్చడి. వడ్డించాలి కాబట్టి పీట వాల్చింది. పీట వాల్చాక తనూ కూర్చుంది. చాలాకాలానికి ఆ ఇంట్లో పుష్పవతి కూర్చుని అన్నం తింది.

కొత్త సంవత్సరం ఆరాధనలు అయిన కొద్ది రోజులకి కోచ్ కబురు తెచ్చాడు. పంజాబులో పెద్ద శిక్షణ కేంద్రం సింహాచలమ్మని ఎంపిక చేసింది. హాస్టలు, మంచి సైకిలు, అక్కడి కాలేజీలో చేరిక, అన్నీ వాళ్ళవే. షరతు ఒక్కటే, తప్పిన పేపరేదీ మిగలకుండా రెండో ఏడాది పాసవ్వాలి. ఈ దీవుల్లో పుట్టిన పిల్లకి అలాంటి పిలుపు మళ్ళీ మళ్ళీ రాదని కోచ్ చెప్పాడు. నూకయ్య వరండా మెట్ల మీద కూర్చుని రెండు చేతులూ జోడించి ఉండిపోయాడు.

సింహాచలమ్మ మాత్రం రోలర్ల మీంచి దిగలేదు. అందరూ వెళ్ళాక అంది.

"నేను ఆడికి క్యాంపుకి ఎల్లొచ్చాను కదా మేడం. హాస్టల్లో రాత్రి అందరూ గుంపుగా కూకుని కబుర్లు. నాతో ఒక్క ముక్క బాత్ చేసేవాళ్ళు లేరు. నా హిందీ విని నవ్వుతారు. వారం దినాలు సైకిల్‌తోనే మాట్లాడాను."

"అలవాటైపోతుంది" అంది పుష్పవతి. ఆ అబద్ధం ఎంత పెద్దదో ఆవిడకన్నా బాగా ఎవరికీ తెలీదు. అలాంటివి అలవాటు కావు. అయినట్టు కనిపిస్తాయి, అంతే.

పరీక్షలకి ముందు మెయిన్‌లాండ్‌లో జాతీయ పోటీలు పడ్డాయి. తిరుగు ప్రయాణంలో జట్టంతా ఓడలో వస్తే పరీక్షకి మరీ దగ్గరవుతుందని, మేడం ప్రిన్సిపాల్ నెత్తి మీద కూర్చుని సింహాచలమ్మ ఒక్కదానికి విమానం టికెట్ ఇప్పించింది. కానీ ఆ పిల్ల పోటీలయ్యాక ఫోను చేసి చెప్పింది.

"నేను సైకిల్‌తో షిప్‌లోనే వచ్చేస్తాను మేడం. ఒక్కదాన్నే హోల్డ్‌లో పంపలేను."

ఎవరూ తప్పు పట్టలేదు. ఇక్కడి సైకిలు పిల్లలందరికీ అదే ఆనవాయితీ. ఓడ అడుగున సామాన్ల మధ్య సైకిలుని దిక్కులేకుండా వదలరు. పక్కనే పడుకుంటారు, పొద్దున్నే తడిమి చూసుకుంటారు. కోచ్ తల ఊపాడు. మేడం కూడా ఊపింది. పైగా ప్రోగ్రాం ప్రకారం ఓడ పరీక్షకి ముందురోజు సాయంత్రమే వస్తుంది.

ఓడ వచ్చింది కూడా. మా దీవులవాళ్ళకి ఒక పిచ్చి లెక్క ఉంది. ఓడ కంటికి కనిపిస్తే మనిషి ఇంటికి వచ్చేసినట్టే అనుకుని ఎసరు పెట్టేస్తారు. పుష్పవతీ పెట్టింది. కానీ జెట్టీలో ఇంకో ఓడ ఇంజను చెడి కదల్లేదు. సింహాచలమ్మ ఓడ హార్బర్ బయట లంగరు వేసి నిలబడింది. జెట్టీ మర్నాడు మధ్యాహ్నానికి గానీ ఖాళీ కాదని రేడియోలో చెప్పారు. పరీక్ష పది గంటలకి. అరగంట దాటితే హాల్లోకి రానివ్వరు.

పొద్దున్నే మేడం హాడో జెట్టీకి పోయింది. దూరంగా నీళ్ళ మీద తెల్లటి ఓడ, కదలకుండా. పక్కన జనం పోర్టు వాళ్ళని తిడుతున్నారు. ఆవిడ కూడా తిట్టాలనే వచ్చింది. కానీ ఆ ఓడని చూస్తూ నిలబడితే ఆవిడకి సంతోషం వేసింది.

ముందు అదేమిటో ఆవిడకే తెలియలేదు. తర్వాత తెలిసింది. పరీక్ష పోతే పంజాబు పోతుంది. పంజాబు పోతే ఆ పిల్ల ఇక్కడే ఉంటుంది. సీటు సంగతి ప్రిన్సిపాల్ కాళ్ళావేళ్ళా పడైనా చూసుకోవచ్చు. వానలు మళ్ళీ వస్తాయి. వరండాలో మోత ఉంటుంది, పెద్ద గిన్నె పొయ్యి మీద ఉంటుంది. ఓడ అలాగే ఉండనీ, ఇంకో నాలుగు గంటలు ఉండనీ అని ఆవిడ మనసు మొక్కుకుంటోంది. అది తెలిసేసరికి పుష్పవతి ఓడ మీంచి చూపు తిప్పేసుకుంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పోర్టు ఆఫీసు వైపు పరుగులాంటి నడక నడిచింది.

అక్కడి ఆఫీసరు జీవరాజు ఆవిడ పాత విద్యార్థే. ఈ ఊళ్ళో సగం మంది ఆఫీసర్లు ఆవిడ స్కేలు దెబ్బ తిన్నవాళ్ళే. ఓడలో ఒక ముసలాయనకి గుండె నొప్పి వచ్చిందట, ఆయన్ని దింపడానికి డాక్టరుతో లాంచీ వెళ్తోందని జీవరాజు చెప్పాడు. ఆ లాంచీ సరంగు నూకయ్యే.

"పిల్లని కూడా దింపుకు రావచ్చా నాన్నా?"

"ఓడ కెప్టెన్ ఒప్పుకుంటే సరే మేడం. నేను వైర్‌లెస్‌లో అడుగుతాను."

కెప్టెన్ ఒప్పుకున్నాడు. నూకయ్య మాత్రం లాంచీ దగ్గర చేతులు నులుముకుంటూ నిలబడ్డాడు.

"మీరూ రండి మేడం. నా మాట అది ఇన్నా ఇనకపోయినా, మీ మాట ఇంటాది."

"ఎందుకు వినదు? పరీక్షకి రమ్మంటే రాదా?"

నూకయ్య లాంచీ తాడు విప్పడం మొదలుపెట్టాడు. ఆయన కూతురి గురించి ఆయనకి ఏదో తెలుసు, నోరు రాలేదు అంతే.

పుష్పవతి ఈ దీవుల్లో పుట్టిందన్న మాటే గానీ, చిన్న లాంచీ ఎక్కితే కడుపు తిరుగుతుంది. డాక్టరు పక్కన ఇనప కడ్డీ పట్టుకుని కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచేసరికి ఓడ గోడలా పైన నిలబడి ఉంది. పక్క నిచ్చెన దించారు. ముసలాయన్ని గుడ్డ ఉయ్యాల లాంటి స్ట్రెచర్‌లో జాగ్రత్తగా కిందికి తెచ్చారు. పైన డెక్కు రెయిలింగు వెంబడి జనం. వాళ్ళ మధ్యలో సింహాచలమ్మ, ఒక చెయ్యి సైకిలు సీటు మీద.

"పాపా, దిగు!" అని నూకయ్య కేకేశాడు.

"సైకిల్ వదిలి రాను నాన్నా!"

"సైకిల్ని మధ్యాహ్నం నేను తెస్తాను గదా, దిగమ్మా!"

ఆ పిల్ల కదల్లేదు. మేడం లేచి నిలబడింది. ఒక చెయ్యి ఇనప కడ్డీని వదల్లేదు, అయినా క్లాసులో వెనక బెంచీకి వినిపించే గొంతు ఆవిడది.

"నిచ్చెన చూస్తే భయమా?"

"భయం ఏటి మేడం. లాంచీల్లో పెరిగినదాన్ని."

"మరి?"

ఇంజను మెల్లగా కొట్టుకుంటోంది. పైన జనం వంగి వింటున్నారు. సింహాచలమ్మ తల దించుకుని అంది.

"రాస్తే పాసైపోతాను మేడం. మీరు అలా చెప్పారు పాఠం. పాసైపోతే ఎల్లిపోవాల గదా."

విమానం టికెట్ ఎందుకు వద్దందో అప్పుడర్థమైంది పుష్పవతికి. ఓడ ఏదో ఒక వంకన ఆలస్యం కావచ్చని ఈ దీవుల్లో పుట్టిన పిల్లకి తెలుసు. ఆవిడకి ఎంతో కోపం రావాల్సింది. రాలేదు. ఆ ఓడని చూసి ఇందాక తను మొక్కుకున్న మొక్కే, ఈ పిల్ల ఓడెక్కక ముందే మొక్కుకుంది.

"సింహాచలం, విను. ఈ ఓడ ఆగిపోయిందని నేను పొద్దున సంతోషపడ్డాను తెలుసా? ఇంకో ఏడాది నువ్వు నా ఇంట్లో ఉంటావని సంతోషపడ్డాను. నువ్వు లేకపోతే నాకు అన్నం కూర్చుని తినబుద్ధి కాదు. నిజం చెబుతున్నాను, ఇంతమందిలో సిగ్గు లేకుండా చెబుతున్నాను. కానీ మనిద్దరం ఇలా ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని కూర్చుంటే నువ్వు ఆ రోలర్ల మీదే తొక్కుతుంటావు. ఎంత తొక్కినా నా వరండా దాటవు. నాకది సరిపోతుంది. నీకు సరిపోదు. దిగు."

ఆ పిల్ల చేత్తో మొహం తుడుచుకుంది. సైకిలుని పక్కనున్న జట్టు కుర్రాడికి అప్పగించి, సీటు మీద ఒకసారి తట్టి, నిచ్చెన వైపు నడిచింది.

లాంచీలో మేడం పక్కనే కూర్చుంది. మేడానికి అప్పటికే ఆగలేదు, కడ్డీ మీదికి వంగి వాంతి చేసుకుంటోంది. పిల్ల ఆవిడ వీపు రాస్తూ, "మేడం, ఉపాంత ప్రయోజనం ఓసారి చెప్పరా" అంది.

"నాలుగో గ్లాసు నీళ్ళు" అంది మేడం, తల ఎత్తకుండా.

జెట్టీ నుంచి జీవరాజు తన జీపులో పంపాడు. గేటు మూసేలోపు సింహాచలమ్మ హాల్లోకి పోయింది. పుష్పవతి గోడకి ఆనుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, బయట నిలబడి ఉంది. లోపల కలం పట్టిన పిల్ల కాళ్ళు బల్ల కింద తొక్కుతూనే ఉన్నాయని ఇన్విజిలేటరు తర్వాత ఫిర్యాదు చేశాడు.

ఫలితాలు వానలతో పాటు వచ్చాయి. పాసైంది. గొప్ప మార్కులేం కావు, కానీ ఎకనామిక్స్‌లో క్లాసు పిల్లల్లో చాలామందిని దాటింది. ప్రిన్సిపాల్ గణేశ్వరరావు గారు మేడాన్ని అందరి ముందూ మెచ్చుకుని, వచ్చే ఏడాదీ ఆటల పిల్లలు మీకే అన్నాడు.

వెళ్ళే ముందురోజు సింహాచలమ్మ వచ్చి పీట మీద కూర్చుని కడుపునిండా తింది.

"ఈసారి ఫ్లైట్‌లోనే ఎల్తున్నాను మేడం."

"మరి సైకిలు?"

"ఓడలో వస్తాది, ఒక్కత్తే. అది కూడా నేర్చుకోవాల గదా" అని నవ్వింది. ఆ నవ్వు చివర్న నిలవలేదు. "రోలర్లు మీ దగ్గర ఉంచండి మేడం. ఆడ ఇస్తారట."

విమానాశ్రయం గోడకి అవతలే ఉన్నా మేడం సాగనంపడానికి వెళ్ళలేదు. పాఠం తయారు చేసుకోవాలంది. మర్నాడు పొద్దున నిజంగానే పుస్తకం పట్టుకుని వరండాలో కూర్చుంది. మూలన రోలర్ల మీద తుంపర పడుతోంది. ఆవిడ గుడ్డతో వాటిని తుడిచి, కుర్చీ దగ్గరికి లాక్కుని, గట్టిగా చదవడం మొదలుపెట్టింది. నిశ్శబ్దం కన్నా అది నయమనిపించింది.

రెండో పేజీలో ఉండగా విమానం లేచింది. పెంకులు గలగలమన్నాయి. ఆవిడ అలవాటుగా చదవడం ఆపి తల ఎత్తింది. మబ్బులో ఏమీ కనిపించలేదు, చప్పుడు మాత్రం ఇంటి మీంచి సముద్రం వైపు వెళ్ళింది. అది పూర్తిగా పోయేదాకా కదలకుండా కూర్చుంది. తర్వాత పుస్తకం వైపు చూసి, వేలితో గుర్తు పెట్టుకోలేదని గ్రహించింది.

"ఎక్కడ ఆపాను?" అంది పైకే.